ఒంటిచేత్తో చుట్టిన తెరచాప

పడవల క్లబ్బు కమిటీ పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే, చేసిన తీర్మానం పదింటికల్లా అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. "ఒంటరిగా పడవ తీసుకుపోయే ప్రతి ఒక్కరూ, గాలి ఉన్న రోజున, పడవ ముందువైపు తెరచాపను ఒక్క నిమిషంలో దించి చూపించాలి. చూపించలేనివారు ఒంటరిగా పడవ ఎక్కరాదు." కింద సెక్రటరీ భూపేష్ పేరు. ప్రతి ఒక్కరూ అని రాశారు గానీ, అది ఎవరిని ఉద్దేశించి రాశారో తెలియనంత అమాయకులు ఆ క్లబ్బులో ఎవరూ లేరు. అక్కడ అందరికీ రెండు చేతులూ సరిగ్గానే ఉన్నాయి, ఒక్క చౌడేశ్వరికి తప్ప.

రాయలసీమలో తెరచాప పడవలేమిటని నవ్వేవాళ్ళు ఉన్నారు. నవ్వుకోనీ. మైదుకూరు దాటాక కొండల నడుమ ఆ జలాశయం నిండినప్పటి నుంచి అక్కడ గాలికి కొదవ లేదు. ఆషాఢం వచ్చిందంటే పడమటి గాలి కొండసందులోంచి దూసుకొచ్చి మనిషి నెత్తిన తువ్వాలును కూడా ఉండనివ్వదు. ఆ గాలిని చూసే కడపవాళ్ళు కొందరు కలిసి క్లబ్బు పెట్టారు, ఆరు పడవలు తెచ్చుకున్నారు. గాలి గురించి ఆలోచించారు గానీ ఎండ గురించి ఆలోచించలేదు. రెండేళ్ళకే తెరచాపలు అప్పడాల్లా పెళుసెక్కి చిరిగాయి. కుట్టేవాళ్ళ కోసం వెతుక్కుంటూ నేతగాళ్ళ వీధికి వచ్చారు. అలా ఏడేళ్ళ కిందట కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని వచ్చింది చౌడేశ్వరి. అప్పటికి ఆమెకు నలభై దాటలేదు. గుడ్డ కుట్టినామెకు ఆ గుడ్డ గాలిలో ఏం చేస్తుందో చూడాలనిపించింది. చూసింది, పట్టుకుంది, ఇక వదల్లేదు. మూడో ఏడు తిరిగేసరికి 'గువ్వ' అనే ఇరవై అడుగుల పడవ తాళం ఆమె చేతికే ఇచ్చారు. వచ్చినవాళ్ళను నీళ్ళ మీద తిప్పేదీ, నేర్చుకునేవాళ్ళకు నేర్పేదీ ఆమే.

నిరుడు వేసవిలో పడవను ఒడ్డుకు లాగుతుంటే తాడు చుట్టే యంత్రంలో ఎడమచెయ్యి పడింది. చూపుడువేలూ నడిమివేలూ పోయాయి, ఉంగరపువేలు మిగిలింది గానీ వంగదు. పోయింది క్లబ్బు పనిలో. ఆ సంగతి తీర్మానంలో ఎక్కడా లేదు.

చౌడేశ్వరి ఫోనును కొంగుతో తుడిచి మరోసారి చదివింది. నేరుగా ఆఫీసు గదిలోకి నడిచింది.

"సార్, ఈ రూలు ఎవురికి?"

"అందరికీ అక్కా." భూపేష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కడపలో రాతి వ్యాపారం ఉన్న ఇంటివాడు, ముప్పై అయిదేళ్ళవాడు, మాట మెత్తన. చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి బయటికి రావచ్చు.

"అందరికీ అని రాసి నాకు పంపినారు. అంతే కదా?"

"నీ మంచికే అక్కా. ఆ చేత్తో గాలిలో ముందు తెరచాప ఎట్ల దించుతావు? నువ్వు నీళ్ళలో పడితే మీ ఆయనకు మేం ఏం జవాబు చెప్పాల? షెడ్డులో కుట్టుపని శానా ఉండాది. నీడన కూచ్చొని చేసుకో. జీతం తగ్గేది లేదు."

నీడన కూర్చోమన్న దగ్గరే ఆమెకు ఒళ్ళు మండింది. మండినా, అతను అన్నదాంట్లో నిజం ఉందని ఆమెకూ తెలుసు. ముందు తెరచాప, పడవ మూతి నుంచి నడిమి స్తంభం కొసకు కట్టిన తీగకు పదిహేను కొక్కేలతో వేలాడుతుంది. దాన్ని దించాలంటే చుక్కాని వదిలి, ఊగే పడవ మీద ముందుకు పాకి, కొట్టుకుంటున్న గుడ్డను రెండు చేతులా కిందికి గుంజాలి. ఎవరూ లేనప్పుడు ఆమె చేసి చూసుకుంది. మూడు నిమిషాల పైనే పట్టింది, మోచెయ్యి చీరుకుపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"దించను సార్. చుట్టేస్తా," అంది.

"చుట్టడమంటే?"

"షెడ్డు మూలన పెట్టె ఉండాదే, గువ్వతో పాటు మద్రాసు నుంచి వచ్చింది. దాంట్లో ఫర్లరు ఉండాది. దాన్ని కడితే తెరచాపను దించే పనే లేదు. వెనక కూచ్చునే తాడు లాగితే అది చాప మాదిరి చుట్టుకుంటాది. ఒగ చెయ్యి చాలు."

భూపేష్ నవ్వాడు. ఆ పెట్టెను విప్పి చూసి, ఏది ఎక్కడ పెట్టాలో అర్థం కాక మళ్ళీ మూసేసినవాళ్ళలో అతనూ ఒకడు. "ఎవరు కడతారు?"

"నేనే."

"సరే అక్కా. రెండు వారాలు. ఆ ఆదివారం అందరి ముందరా చుట్టి చూపించు. మధ్యలో ఇరుక్కుంటే తాళం ఇచ్చేసి షెడ్డులోకి రావాల. మాటేనా?"

"మాటే," అంది చౌడేశ్వరి. అంత తొందరగా అని ఉండకూడదు. కానీ ఆమె తత్వమే అంత.

పెట్టెలో ఉన్నవి మూడే ముఖ్యమైనవి. ముందు తీగ మీద తొడిగే అల్యూమినియం గొట్టం, ముక్కలు ముక్కలుగా, పొడవునా గాడితో. కింద బిగించే డ్రమ్ము. పైన తిరిగే కొక్కెం. తెరచాప అంచును గొట్టం గాడిలోకి ఎక్కించాలి. తెరచాపను పైకెత్తే తాడు ఆ పై కొక్కేన్ని పట్టుకుంటుంది. డ్రమ్ముకు చుట్టిన తాడును లాగితే గొట్టం మొత్తం తిరిగి, తెరచాప దాని చుట్టూ చుట్టుకుంటుంది. ఎత్తే తాడు మాత్రం తిరగకూడదు. అందుకే పైన ఆ తిరిగే కొక్కెం. ఇంగ్లీషు కాగితంలో బొమ్మలున్నాయి. బొమ్మలు అర్థం చేసుకోవడానికి ఆమెకు ఇంగ్లీషు అక్కర్లేకపోయింది, చీర అంచు మీది బుట్టాలను గళ్ళ కాగితం చూసి నేసిన మనిషి.

మోటారు లాంచీ నడిపే ఏసన్న ఆమెకు తోడు నిలిచాడు. ఇద్దరూ కలిసి స్తంభాన్ని వంచి పడుకోబెట్టారు. తీగ పొడవు కొలిచి, గొట్టం ఒక ముక్కను మైదుకూరు లేతు షాపులో కోయించుకొచ్చారు. ముక్కా ముక్కా కలిపే మరలు ఊడిపోకుండా జిగురు పూసి బిగించారు. డ్రమ్ములోకి తాడు వంకరగా పోతే చుట్టు మీద చుట్టు పడి ఇరుక్కుంటుందని చౌడేశ్వరికి ఎవరూ చెప్పనక్కర్లేదు, కండెకు దారం చుట్టేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. తాడు తిన్నగా వచ్చేలా పడవ అంచు పొడుగునా రింగులు వేయించింది. పాత తెరచాపకున్న పదిహేను కొక్కేలూ పీకేసి, గాడిలో దూరేలా అంచుకు లావు పట్టీ కుట్టింది. చుట్టినాక ఎండ తగిలే వైపు ముదురు నీలం గుడ్డ వేసి కుట్టింది. ఇంటికి తెచ్చుకుని, ఎడమ బొటనవేలితో గుడ్డను తోస్తూ, మూడు రోజులు కుట్టింది.

ఇంట్లో మొగుడు ఉమామహేశ్వర మగ్గం గుంటలో కూర్చుని ఆ గుడ్డ వైపు చూసి నవ్వేవాడు.

"ఇంత గుడ్డ చుట్టడానికి అంత యంత్రమా మే? నన్నడిగితే దోనె ఇస్తును కదా." దోనె అంటే మగ్గం మీద నేసిన చీరను చుట్టే కర్ర.

"నీ దోనె నీ దగ్గరే పెట్టుకో. నీళ్ళ మీద తేలుతాదా అది?"

"కర్ర తేలక మునుగుతాదా?"

ఆమె గుడ్డ ముక్క విసిరింది అతని మీదికి.

అంతా కట్టడం అయ్యాక, తెరచాపను గాడిలో పైకి ఎక్కించి, ఎత్తే తాడును బిగించింది. మామూలు బిగింపు కాదు. తాడును వేలితో మీటితే మోగేంత. పడుగు వదులుగా ఉంటే చీర ముడతలు పడుతుందని పదేళ్ళ వయసులోనే నేర్చుకున్న చెయ్యి అది, సందు దొరికితే ఇంకో పట్టు బిగిస్తుందే తప్ప సడలించదు. ఏసన్న "శాల్లే అక్కా" అన్నా వినలేదు. డ్రమ్ములోనూ పై కొక్కెంలోనూ తిరిగే బేరింగు గుండ్లకు ఇంట్లో మగ్గానికి వేసే నూనె ధారగా పోసింది. పొద్దున గాలి లేనప్పుడు తాడు లాగితే తెరచాప చక్కగా చుట్టుకుంది. లాగింది, వదిలింది, మళ్ళీ లాగింది. సంతోషం పట్టలేక ఏసన్న వీపు మీద ఒకటి చరిచింది.

పరీక్షకు ముందు నాలుగు రోజులూ జలాశయం కట్ట మీద మట్టి లారీలు తిరిగాయి. ఎర్రటి దుమ్ము వచ్చి ఆ నూనె మీద కూర్చుంది. ఆమె చూడలేదు. తుడిచి చూసుకుని ఉంటే సగం చిక్కు అక్కడే తీరిపోయేది.

ఆదివారం క్లబ్బు సభ్యులంతా ఒడ్డున చేరారు. చౌడేశ్వరి ఒక్కతే గువ్వను నడి నీళ్ళలోకి తీసుకుపోయింది. గాలి మంచి ఊపు మీద ఉంది. ఒడ్డు నుంచి ఏసన్న తువ్వాలు ఊపాడు, నిమిషం మొదలైనట్టు. ఆమె తాడు లాగింది. డ్రమ్ము నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. ఇంకా గట్టిగా లాగింది. రెండు కాళ్ళూ తన్నిపెట్టి, వెనక్కి వాలి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది. తలెత్తి పైకి చూసింది. తిరగకూడని ఎత్తే తాడు కొక్కెంతో పాటు తిరిగి గొట్టానికి చుట్టుకుపోయింది. తెరచాప చుట్టుకోదు, విచ్చుకోదు. సగం గుడ్డ గాలి నిండి, పడవ ఒక పక్కకు ఒరిగింది. ఒడ్డున ఎవరో ఆడమనిషి కేక వేసింది.

చివరికి ఏసన్న లాంచీ వేసుకొచ్చి తాడు కట్టి లాక్కొచ్చాడు. సందు దొరికితే దూరి దాక్కోవాలనిపించింది చౌడేశ్వరికి. అంతమంది ముందు దూడలా లాక్కురాబడటం కన్నా నీళ్ళలో పడి ఉంటేనే బాగుండేదనిపించింది.

భూపేష్ ఎదురొచ్చి నీళ్ళ సీసా అందించాడు. "పోనీలే అక్కా. ప్రయత్నం చేసినావు. అంతకంటే ఎవరు చేస్తారు?" అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. రెండో చెయ్యి చాచాడు, తాళం కోసం.

"ఇయ్యను," అంది చౌడేశ్వరి.

"మాట ఇచ్చినావు కదా అక్కా?"

"ఇచ్చినా. ఇప్పుడు తప్పుతాండా."

మాట తప్పడం తప్పే. ఆ సంగతి దాచనక్కర్లేదు, ఆమే దాచలేదు. కానీ ఆ చాచిన చేతిలో తాళం పెట్టి నీడలోకి పోయి కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

"ఇరుక్కున్నది ఫర్లరు సార్, నేను కాదు. అది ఎందుకు ఇరుక్కుందో కనుక్కుంటా. అప్పుడు అడగండి తాళం."

భూపేష్ ముఖం మొదటిసారి బిగుసుకుంది. "వచ్చే ఆదివారం చైతన్య వస్తాండాడు. కడపాయనే, హైదరాబాదులో పడవలు నేర్చుకున్నాడు. ఆయన చేతికి తాళం ఇయ్యాల్సిందే. అంతవరకు గువ్వ నీళ్ళలోకి దిగకూడదు. లాంచీతో ఎవరూ సాయం పోకూడదు." ఆ చివరి మాట ఏసన్నను చూసి అన్నాడు.

ఆ తరవాత రెండు రోజులూ చౌడేశ్వరి ఫర్లరుతోనే గడిపింది. క్లబ్బుకు పోయి గువ్వను ఒడ్డు మీదే పెట్టుకుని, డ్రమ్ము విప్పింది. విప్పితే గుండ్ల నిండా ఎర్రటి బురద. తన నూనె, కట్ట మీది దుమ్ము, రెండూ కలిసి పిండిలా ముద్ద కట్టాయి. సిగ్గు వేసింది. కుంకుడుకాయ నీళ్ళు కాచి, గుండ్లను ఒక్కొక్కటే వేళ్ళతో రుద్ది కడిగి, గుడ్డతో ఒత్తి, ఎండబెట్టింది. మళ్ళీ నూనె చుక్క వెయ్యలేదు. ఇక నెలకోసారి నీళ్ళతో కడిగి ఆరబెట్టడమే దీనికి మందు అనుకుంది. అయినా మనసుకు నచ్చలేదు. దుమ్ముకు బిగుసుకుంటుంది సరే, ఎత్తే తాడు గొట్టానికి ఎందుకు చుట్టుకుంది? ఎంత ఆలోచించినా తెగలేదు.

బుధవారం పొద్దున గుమ్మంలో కూర్చుని టీ తాగుతోంది. లోపల ఉమామహేశ్వర నేస్తున్నాడు. జానెడు నేయడం అయింది. పక్కన గుంజకు కట్టిన పడుగు తాడును కొంచెం వదిలాడు, దోనె ఒక మలుపు తిప్పి నేసిన గుడ్డను చుట్టాడు, పడుగు తాడు మళ్ళీ బిగించాడు. నేయడం మొదలుపెట్టాడు.

చౌడేశ్వరి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"ఆపు. ఇప్పుడు చేసింది మళ్ళీ చెయ్యి."

"ఏం చేసినానే?"

"దోనె తిప్పే ముందర ఏం చేసినావు?"

"పడుగు తాడు ఇడిచినా. ఇడవకుండా తిప్పితే యాడ తిరుగుతాది? తిప్పినా పోగులు తెగుతాయి. నీకు తెలీదా మే? రోజుకు పది మాట్లు చేస్తాము."

"తెల్సు," అంది చౌడేశ్వరి. "తెల్సి తెల్సి చేసినా ఈ ఎదవ పని."

ముప్పై ఏళ్ళు మగ్గం మీద కూర్చుంది. బిగించడం గుర్తుంచుకుంది, చుట్టే ముందు సడలించడం మర్చిపోయింది. చేతికి అంత అలవాటైన పని మనసుకు ఎప్పుడూ కనిపించలేదు. పడవ మీద ఎత్తే తాడును అంత బిగించేసరికి పై కొక్కెం గుండ్లు ఒత్తిడికి బిగుసుకుని తిరగలేకపోయాయి. కొక్కెం తిరగక తాడును తనతో పాటే తిప్పుకుంది. ఇంత చిన్న సంగతికా అంతమంది ముందు తల వంచుకుంది! కోపం పట్టలేక నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఉమామహేశ్వర గుంటలోంచి తల ఎత్తి, భయం భయంగా చూశాడు.

"ఒంట్లో బాగుండాదా?"

"శానా బాగుండాది. నీ దోనె పుణ్యం."

"నేను ముందే చెప్పినా," అన్నాడతను. ఏం చెప్పాడో అతనికీ తెలియదు.

శుక్రవారానికి పని అయిపోయింది. ఏసన్న లాంచీతో సాయం పోకూడదని అన్నారు గానీ ఒడ్డు మీద చేతులతో సాయం చేయకూడదని ఎవరూ అనలేదు. స్తంభం మీద, పై కొక్కేనికి కాస్త కింద, చిన్న రింగు వేసి, ఎత్తే తాడును అందులోంచి తెచ్చారు. ఇక అది గొట్టాన్ని అంటకుండా వెనక్కి లాగి ఉంటుంది, చుట్టుకోవడానికి సందే లేదు. తెరచాప అంచున ముడతలు పోయేంతవరకే బిగించి, అక్కడ చెయ్యి తీసేసింది. ఇంకో పట్టు బిగించమని చెయ్యి పీకుతూనే ఉంది. చేతిని వీపు వెనక పెట్టుకుంది.

ఆదివారం గాలి మామూలుగా లేదు. కట్ట మీద నడిచేవాళ్ళు పక్కకు వాలి నడుస్తున్నారు. నీళ్ళ మీద తెల్లటి నురగ లేచింది. మిగతా పడవలేవీ దిగలేదు. చైతన్య వచ్చాడు, ఇరవై ఆరేళ్ళవాడు, బెరుకుగా నమస్కారం పెట్టాడు. భూపేష్ అతన్ని వెంటబెట్టుకుని గువ్వ దగ్గరికి వచ్చేసరికి గువ్వ నీళ్ళలో ఉంది. చౌడేశ్వరి అందులో ఉంది.

"అక్కా, దిగు. ఈ పొద్దు పరీక్ష లేదు ఏమీ లేదు. అయిపోయిన సంగతి. తాళం ఇయ్యి."

"వచ్చి ఇస్తా సార్."

"ఈ గాలిలో పోతావా? పిచ్చి పట్టిందా నీకు?"

"గాలి ఉన్న రోజున అని రాసినారు కదప్పా. గాలి ఉండాది." జీవితంలో మొదటిసారి అతన్ని సార్ అనకుండా అప్పా అంది. తాడు విప్పి, కాలితో ఒడ్డును తన్నింది.

నడి నీళ్ళకు చేరేసరికి పడవ ఒక అంచు మీద నడుస్తోంది. ముఖాన నీళ్ళు కొడుతున్నాయి. భయం వేసింది, వెయ్యలేదని ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. చుక్కానిని చంకలో ఇరికించుకుంది. తెరచాప కింది మూలకు కట్టి లాగే చేతితాడును పక్కనున్న గుంజకు ఒక చుట్టు వేసి, కొసను ఎడమచేతి బొటనవేలికీ అరచేతికీ మధ్య పట్టుకుంది. ఒడ్డున తువ్వాలు ఊగింది. ముందు చేతితాడును సడలించింది. గుడ్డలో గాలి పోయి టపటపలాడింది. కుడిచేత్తో చుట్టే తాడు లాగింది. లాగిన తాడును కాలికింద తొక్కిపట్టింది, చెయ్యి ముందుకు చాచి మళ్ళీ లాగింది. చెయ్యి, కాలు. చెయ్యి, కాలు. మగ్గం గుంటలో తొక్కుడుపలకలు తొక్కిన కాళ్ళకు ఇది కొత్త కాదు. ఎడమచెయ్యి చేతితాడును పూర్తిగా వదలకుండా కొంచెం కొంచెంగా ఇస్తోంది, గుడ్డ వదులుగా కాకుండా గట్టిగా చుట్టుకునేలా. డ్రమ్ము తిరిగింది. గొట్టం తిరిగింది. పైన కొక్కెం తిరిగింది, తాడు కదల్లేదు. తెరచాప సన్నబడుతూ, సన్నబడుతూ, చివరికి నీలం పట్టీ వేసుకున్న వెదురుబొంగులా నిలబడింది. పడవ నిటారుగా లేచింది.

"ముప్పై ఎనిమిది!" ఒడ్డున ఏసన్న గొంతు గాలికి తెగి తెగి వినిపించింది.

ఒక్కసారి చాలు. కానీ ఆమె చేతితాడు లాగి తెరచాపను మళ్ళీ విప్పింది. మళ్ళీ చుట్టింది. మూడోసారి సగం మాత్రమే చుట్టి, ఆ సగం తెరచాపతో గాలికి ఎదురుగా రెండు మలుపులు తిరిగి, ఒడ్డు ముందు నుంచే పడవను తిన్నగా నడిపించింది, అందరి ముఖాలూ కనిపించేంత దగ్గరగా. మూడోసారి ఎవరికోసం అంటే, తన కోసమే.

ఒడ్డున కట్టేసి దిగేసరికి చీర నడుము దాకా తడిసింది. చప్పట్లు కొట్టారు కొందరు. భూపేష్ ముందుకొచ్చాడు.

"బాగా చేసినావు అక్కా. ఒప్పుకుంటా. గాలి తక్కువ ఉండే రోజుల్లో గువ్వ నువ్వే తీసుకుపో. గాలి రోజుల్లో చైతన్య చూసుకుంటాడు. ఇద్దరికీ న్యాయం."

చౌడేశ్వరి నీళ్ళు పిండుకుంటున్న కొంగును వదిలేసింది. ఏసన్న చేతిలో ఫోను తీసుకుని తీర్మానం తెరిచింది. గట్టిగా, వెనకున్నవాళ్ళకు వినబడేలా చదివింది.

"ప్రతి ఒక్కరూ అని ఉండాది సార్. గాలి రోజు అని ఉండాది. నేను చూపించినా. ఇంగ ఎవరు?"

చూపులన్నీ కొత్త కుర్రాడి మీదికి తిరిగాయి. చైతన్య గొంతు సవరించుకున్నాడు. "ఈ గాలికి నేనైతే నిమిషంలో దించలేనక్కా. హైదరాబాదులో ఇద్దరం ఎక్కేవాళ్ళం. ఒకరు చుక్కాని, ఒకరు తెరచాప." నిజం చెప్పడానికి సిగ్గుపడని ఆ కుర్రాడంటే ఆమెకు అక్కడికక్కడే ఇష్టం కలిగింది.

"మీరు సార్?" అంది భూపేష్ వైపు తిరిగి. "ప్రతి ఆదివారం మీ పడవలో ఒంటరిగా పోతారు కదా."

"ఇప్పుడు అదంతా ఎందుకక్కా?"

"చూపించండి, దాందేముంది?" అన్నది భూపేష్ భార్య సుప్రజ, పక్కనే గొడుగు మూసుకుంటూ. "ఎప్పుడూ చేసేదే కదా మీరు." ఆమె ఎగతాళికి అనలేదు. మొగుడికి చేతనవుతుందనే అనుకుంది పాపం.

అంతమంది చూస్తుంటే భూపేష్‌కు ఇంక దారి లేదు. బూట్లు విడిచాడు. అతని పడవది పాత పద్ధతే, కొక్కేల తెరచాప. ఒడ్డుకు కొంచెం దూరంగా పోయి నిలిపాడు. తువ్వాలు ఊగింది. అతను చుక్కాని వదిలి ముందుకు పాకాడు. వదలగానే పడవ గాలికి అడ్డం తిరిగింది. తెరచాప అతని ముఖాన కొట్టింది, టోపీ ఎగిరి నీళ్ళలో పడింది. నిమిషం అయ్యేసరికి పదిహేను కొక్కేల్లో అయిదు కిందికి వచ్చాయి. మిగతావి రావడానికి రెండు చేతులూ, రెండు మోకాళ్ళూ, ఒకసారి పళ్ళూ వాడవలసి వచ్చింది. ఒడ్డున ఎవరూ నవ్వలేదు, చౌడేశ్వరి కూడా. ఆ తీగ దగ్గర తన మోచెయ్యి ఎలా చీరుకుపోయిందో ఆమెకు గుర్తుంది.

అతను తిరిగొచ్చి, రొప్పుతూ, తల పైకెత్తకుండా చొక్కా పిండుకున్నాడు.

"రొండు నిమిషాల నలభై సార్," అంది ఆమె, అందరికీ వినబడేలా. అది తగ్గించి చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు. "మీ పడవకూ ఫర్లరు కడతా. సామాను మద్రాసు నుంచి తెప్పించండి. నెల పడతాది. అంతవరకు మీరు ఒంటరిగా పడవ ఎక్కకూడదు. తీర్మానం అట్లే ఉండాది."

భూపేష్ ఏదో అనబోయి ఏసన్న వైపు చూశాడు. ఏసన్న అప్పటికే వంగి, సెక్రటరీ గారి పడవను గుంజకు రెండు ముళ్ళు వేసి కట్టేస్తున్నాడు.